38 వేల ర్యాంకుకి వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టాలి? ఏ వరసలో పెట్టాలి?

పొందూరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. నాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయ్యింది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 38 వేల చిల్లర ర్యాంకు వచ్చింది, బీసీ. 1200 ప్రాసెసింగ్ ఫీజు కట్టాం, సర్టిఫికెట్ల పరిశీలన కూడా అయిపోయింది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరసగా ఇచ్చే ఆప్షన్లు పెట్టడానికి ఇంక నాలుగు రోజులే ఉంది. మూడు రాత్రుల నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

అమ్మ ఖాదీకి నూలు వడుకుతుంది. నాన్న స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. అన్నయ్య శ్రీకాకుళం గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. బీటెక్ చదవబోయేది మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. అందుకే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు, బయట అడిగితే తలో మాట చెప్తున్నారు.

మా వీధి చివర నెట్ సెంటర్ ఆయన, "150 పెట్టేయాలమ్మా, లేకపోతే సీటే రాదు" అన్నారు. మా పిన్ని కొడుకు వైజాగ్‌లో బీటెక్ చదువుతున్నాడు. వాడేమో ఆరో ఏడో మంచివి పెట్టి ఊరుకో, ఎక్కువ పెడితే ఎక్కడో దూరం జిల్లాలో పడేస్తారు అంటున్నాడు. అన్నయ్య ఒక కాగితం మీద 14 రాసిచ్చాడు. నాకు జేఎన్‌టీయూ విజయనగరంలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) మొదట పెట్టాలని ఉంది. అన్నయ్య దాన్ని కొట్టేశాడు. "మన ర్యాంకుకి రానిది పైన పెడితే ఆ ఛాన్సు వేస్టయిపోద్ది, వచ్చేవే పైన పెట్టాలి" అంటాడు.

ఈసీఈ ఎందుకంటే, తొమ్మిదో తరగతిలో సైన్స్ ఫెయిర్‌కి వాటర్ ట్యాంకు నిండితే మోగే అలారం చేశాను. బీసీ547 ట్రాన్సిస్టర్, చిన్న బజర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అంతే. అది మొదటిసారి మోగినప్పటి నుంచి నాకు అదే చదవాలని ఉంది. కానీ అందరూ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), సీఎస్‌ఈ అంటున్నారు.

అమ్మకేమో నేను రోజూ సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యాలి. ప్రైవేటు హాస్టల్‌కి డబ్బు కట్టే పరిస్థితి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే చదువే లేదు.

ఎన్ని పెట్టాలి? రానివి పైన పెడితే నిజంగా నష్టమా? ఈసీఈ, సీఎస్‌ఈ రెండూ కలిపి పెట్టొచ్చా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

కోటబొమ్మాళి కుర్రాడు:

చెల్లీ, తక్కువ మాత్రం పెట్టకు. నేను నాలుగేళ్ల కిందట తొమ్మిదే పెట్టాను. అన్నీ సీఎస్‌ఈ, అన్నీ పేరున్న కాలేజీలు. మొదటి విడతలో ఏ సీటూ రాలేదు. ఆ రాత్రి మా నాన్న అన్నం ముట్టుకోలేదు. రెండో విడతలో భయపడి అరవై పెట్టాను. అప్పటికి మన వైపువి నిండిపోయాయి, గుంటూరు వైపు ఒక కాలేజీ వచ్చింది. చదువు బాగానే అయ్యింది, ఉద్యోగం కూడా వచ్చింది. కానీ నాలుగేళ్ల హాస్టల్ ఖర్చుకి నాన్న చేసిన అప్పు ఇప్పుడిప్పుడే తీరుస్తున్నాను. మొదటి విడతలోనే ఇంకో ఇరవై దగ్గరవి పెట్టుంటే ఆ అప్పు ఉండేది కాదు.

చీపురుపల్లి ఫిజిక్స్ మేడమ్:

పొందూరు అమ్మాయీ, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పదకొండేళ్లుగా మా పిల్లలతో కూర్చుని ఆప్షన్లు రాయిస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు మీ అన్నయ్య భయం తీరాలి. ఆ అబ్బాయి నీ మేలు కోరే చెప్పాడు గానీ, అది నిజం కాదు. సీట్లు పంచే పద్ధతి ఇలా ఉంటుంది. కంప్యూటర్ ఒకటో ర్యాంకు నుంచి వరసగా ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. నీ వంతు వచ్చేసరికి నీకన్నా మంచి ర్యాంకు వాళ్లకి ఇవ్వాల్సినవి ఇచ్చేసి ఉంటుంది. అప్పుడు నీ జాబితా పై నుంచి చదువుతుంది. మొదటిదాంట్లో నీకు వర్తించే సీటు ఖాళీ ఉందా? లేదు. రెండోదాంట్లో? లేదు. పదకొండోదాంట్లో ఉంది. అక్కడ ఆగి ఆ సీటు నీకిచ్చేస్తుంది. పైన పది దొరకనందుకు నీ ర్యాంకు ఒక్క అంకె కూడా దిగదు. నీ వెనక ర్యాంకు పిల్లాడు అదే పదకొండోదాన్ని తన మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా సరే, ఆ కోటాలో నీ తర్వాతే అతని వంతు. కాబట్టి జేఎన్‌టీయూ ఈసీఈ పైన పెట్టు. వస్తే వస్తుంది, రాకపోతే నీకు పోయేదేమీ లేదు.

నష్టం వచ్చేది దీనికి తిరగేసి చేసినప్పుడు. పైన ఉన్నది దొరికితే కంప్యూటర్ కింద ఏముందో ఇక చూడదు. 2022లో మా విద్యార్థి ఒకడు, కచ్చితంగా వస్తుందని నమ్మకమున్న కాలేజీని మొదట పెట్టాడు, తనకి ఇష్టమైనది నాలుగోదిగా పెట్టాడు. మొదటిదే వచ్చింది. అదే బెంచీలో కూర్చునే వాడి స్నేహితుడికి, వాడికన్నా వెనక ర్యాంకుతో, అదే కేటగిరీలో, ఆ నాలుగోది వచ్చింది. మా స్టాఫ్ రూమ్‌లో నిలబడి ఆ పిల్లాడు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి నేను ఎవరి జాబితానైనా వరస సరిచూడకుండా పంపించను.

ఇప్పుడు ఎన్ని అనేది. కాలేజీలు లెక్కపెట్టకు, వరసలు లెక్కపెట్టు. కాలేజీ, బ్రాంచి కలిస్తేనే ఒక ఆప్షన్. జేఎన్‌టీయూ ఈసీఈ ఒకటి, జేఎన్‌టీయూ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) ఇంకొకటి. అలా చూస్తే మీ అన్నయ్య రాసిన 14 అంటే మూడు నాలుగు కాలేజీలే అయ్యుండొచ్చు. ఎన్నయినా పెట్టుకోవచ్చు, పరిమితి లేదు. నా దగ్గర నీలాంటి ర్యాంకు పిల్లలకి సాధారణంగా ముప్పై నుంచి నలభై వరసలు వస్తాయి. 150 పెట్టమన్న ఆయన మాట వింటే, చివరి వంద వరసల్లో ఏముందో నీకే తెలియదు. తెలియని చోట సీటు వస్తే ఏం చేస్తావు?

ఇలా చెయ్యి. పాత క్యాలెండర్ కాగితాలు చీటీలుగా కత్తిరించు. ఒక్కో చీటీ మీద ఒక కాలేజీ, ఒక బ్రాంచి రాయి. నేల మీద పరుచుకుని, రెండేసి చీటీలు తీసి చూసుకో. ఈ రెండూ ఎవరైనా నా చేతిలో పెడితే ఏది తీసుకుంటాను? తీసుకునేది పైకి జరుపు. ర్యాంకు సంగతి ఆ సమయంలో మర్చిపో. ఈసీఈ, సీఎస్‌ఈ కలిపి పెట్టొచ్చా అన్నావు కదా, దానికి జవాబు ఈ చీటీలే చెప్తాయి. రాజాంలో సీఎస్‌ఈ ఒక చేతిలో, వేరే చోట ఈసీఈ ఇంకో చేతిలో పెట్టుకుని నిజాయతీగా చూసుకో. ఆ అలారం మోగినప్పటి సంతోషాన్ని తక్కువ చేసుకోకు తల్లీ. ఇష్టం ఉన్న బ్రాంచి పిల్ల లాబ్‌లో గంట ఎక్కువ ఉంటుంది, అది నేను కళ్లారా చూశాను.

వరస అయ్యాక అప్పుడు ర్యాంకు తీయి. నిరుటిది, అంతకు ముందుదీ చివరి ర్యాంకుల పట్టిక, అంటే ఏ సీటు ఏ ర్యాంకు దాకా వెళ్లిందో చెప్పేది, కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కాలేజీ వారీగా, బ్రాంచి వారీగా, కేటగిరీ వారీగా, అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరే గడులు ఉంటాయి. నువ్వు చూడాల్సింది ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, నీ బీసీ గ్రూపు, అమ్మాయిల గడి. మన ప్రాంతపు కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు అమ్మాయిలకి. జనరల్ గడి చూసి మనకి రాదని కొట్టేసిన పిల్లలు ఎంతమందో. పట్టికలో పాత పేర్లు కూడా గమనించు. విజయనగరం జేఎన్‌టీయూ 2007లో మొదలైంది, 2022లో జేఎన్‌టీయూ గురజాడ అయ్యింది, అంతకు ముందు కాకినాడ పేరు మీద ఉండేది. రాజాం కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరుతో వెతికితే రెండు చోట్లా చూడు.

పట్టికని దేవుడి మాటగా తీసుకోకు. 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితి ఎత్తేసింది. చాలా కాలేజీలు సీఎస్‌ఈ సీట్లు పెంచుకున్నాయి. దానివల్ల పాత చివరి ర్యాంకులు అటూ ఇటూ జరుగుతాయి. అందుకే నీ ర్యాంకుకి కొంచెం పైవి, సరిపోయేవి, బాగా కిందివి, మూడూ జాబితాలో ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం చివరి వరస. అందరూ మొదటి ఆప్షన్ గురించే ఆలోచిస్తారు. చివరి ఏడెనిమిదీ నీ ర్యాంకుకి తప్పకుండా వచ్చేవి అయ్యుండాలి, పొందూరు నుంచి వెళ్లొచ్చేవి అయ్యుండాలి, వస్తే ఏడవకుండా చేరేవి అయ్యుండాలి. చేరను అనుకున్నది ఒక్కటి కూడా రాయకు. అలాగని పిన్ని కొడుకు చెప్పినట్టు ఆరుతో ఆపేస్తే, సీటు రాక చివరికి స్పాట్ అడ్మిషన్‌కి, అంటే కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకి, వెళ్లాల్సి వస్తుంది. స్పాట్‌లో చేరినవాళ్లకి, మేనేజ్‌మెంట్ కోటా వాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మీ ఇంటికి అది కుదరదు కదమ్మా.

రెండో విడత గురించి ఒక్క మాట. అందులో ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే, మొదటి విడత సీటు దానంతట అదే రద్దవుతుంది. వెనక్కి రాదు. అందుకని అప్పుడు, చేతిలో ఉన్నదానికన్నా నిజంగా కావాల్సినవి మాత్రమే పెట్టు.

రాజాం థర్డ్ ఇయర్:

మేడమ్ బాగా చెప్పారు. నేను ప్రయాణం సంగతి చెప్తాను చెల్లెమ్మా. మాది జి.సిగడాం, నువ్వు మా పక్క స్టేషన్ వైపే. నేను రాజాంలో ఈసీఈ మూడో సంవత్సరం, రోజూ కాలేజీ బస్సులో వెళ్లి వస్తాను.

బస్సు ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో రాదు. ఏడాదికి ఎంతో ముందే అడుగు, మీ ఊరి వరకు బస్సు వస్తుందో రోడ్డు మీద దించేస్తుందో కూడా అడుగు. నేను అడగలేదు. మొదటి ఏడాది అంతా రోడ్డు నుంచి ఇంటికి నడిచాను, నాకు ఫర్వాలేదు గానీ మీ అమ్మగారికి అది పెద్ద టెన్షన్ అవుతుంది. విజయనగరం అయితే పొందూరు స్టేషన్‌లో రైలెక్కి వెళ్లిపోవచ్చు గానీ, అక్కడ దిగాక మళ్లీ చింతలవలస ఎంవీజీఆర్‌కో, జొన్నాడ లెండికో బస్సో ఆటోనో ఉండాలి. లాబ్ ఉన్న రోజు సాయంత్రం ఏ రైలు అందుతుందో టైమ్‌టేబుల్ దగ్గర పెట్టుకుని చూసుకో. టెక్కలి ఐతమ్ మంచిదే, కానీ నీకు రోజూ రానూ పోనూ చాలా దూరం. ఎచ్చెర్ల, చిలకపాలెం వైపువి నీకు అన్నిటికన్నా దగ్గర, ఆ చివరి వరసలకి అవి చూడు.

ఇంకోటి. కాలేజీ వాళ్లు మాకు ఎన్‌బీఏ (నాణ్యత గుర్తింపు) ఉంది అంటారు. ఎన్‌బీఏ బ్రాంచికి ఇస్తారు, కాలేజీ మొత్తానికి కాదు. ఈసీఈకి ఉందా, ఎప్పటి వరకు ఉంది అని అడుగు. న్యాక్ అని ఇంకో గుర్తింపు ఉంది, అది మాత్రం కాలేజీ మొత్తానికి. ఒక రోజు మీ నాన్నగారితో వెళ్లి ఈసీఈ లాబ్ చూపించమని అడుగు. ఓసిల్లోస్కోపులు పనిచేస్తున్నాయా, ఒక్కో టేబుల్ దగ్గర ఎంతమంది నిలబడతారు అని అక్కడి సీనియర్లనే అడుగు. గేటు బయట టీ కొట్టు దగ్గర అడిగితే ఇంకా నిజం చెప్తారు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే పరీక్షల ముందు పిల్లల్ని కట్టమంటారా అని కూడా అక్కడే అడుగు. కొన్ని చోట్ల అడుగుతారు.

సీఎస్‌ఈ గురించి నా అభిప్రాయం: మా ఈసీఈ సీనియర్లలో చాలామంది సాఫ్ట్‌వేర్‌కే వెళ్లారు. కోడింగ్ మాకూ ఉంది, మిగతాది సొంతంగా నేర్చుకున్నారు. ఈసీఈ తీసుకుంటే దారి మూసుకుపోతుందని మాత్రం అనుకోకు.

బొబ్బిలి అన్నయ్య:

అమ్మా, ఇది తప్పకుండా చదువు. మా తమ్ముడి హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డ్ తీసుకుని ఆప్షన్లు మేమే పెట్టేస్తాం అని ఒక కాలేజీ తరఫు మనిషి ఇంటికి వచ్చాడు. స్వీట్ బాక్స్ తెచ్చాడు. మా నాన్న మర్యాదస్తుడు, నమ్మాడు. మేము 22 వరసలు రాసిచ్చాం. ఆఖరి రోజు రాత్రి ఓటీపీ అడిగితే అది కూడా చెప్పేశాం. అలాట్‌మెంట్ వచ్చాక చూస్తే మొదటి ఐదు వరసలూ ఆ మనిషి కాలేజీవే. మా తమ్ముడి ర్యాంకుకి మేము రాసినదాంట్లో మూడోది వచ్చి ఉండేది. ఆ నాలుగేళ్లూ వాడు మా నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నంబరు నీ ఇంటి ఫోన్‌దే ఇవ్వు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, నెట్ సెంటర్ ఆయనకి కూడా. అక్కడ కూర్చున్నా టైప్ నువ్వే చెయ్యి. గడువు ముగిసేసరికి ఏది సేవ్ అయ్యి ఉంటే అదే లెక్క. అందుకని ఆఖరి రోజు మళ్లీ లాగిన్ అయ్యి వరస అలాగే ఉందో లేదో చూసుకుని ప్రింట్ తీసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచిపెడతాం ఇవ్వండి అని ఎవరైనా వస్తే గుమ్మం దాటనివ్వకండి.

పొందూరు అమ్మాయి:

మేడమ్‌కి, అన్నయ్యలందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి చీటీలు చేశాం. మొత్తం 47 అయ్యాయి. అన్నయ్య కూడా నేల మీద కూర్చున్నాడు. వాడికి ర్యాంకు వరసలో పిలిచే పద్ధతి చదివి వినిపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే జేఎన్‌టీయూ ఈసీఈ చీటీ తీసి మొదట పెట్టాడు.

గుంటూరు, విజయవాడ వైపు చీటీలు తొమ్మిది నాన్న చూసి, "అంత దూరం నువ్వెళ్తే మీ అమ్మ ఉండగలదేటి" అన్నాడు. తీసేశాను. ఇంకో ఏడు నాకే చేరాలని లేనివి, అవీ తీసేశాను. 31 మిగిలాయి. అమ్మాయిల గడి చూస్తే నేను అసలు రావనుకున్నవి రెండు నిరుడు నా ర్యాంకు దాకా వచ్చాయి! ఆ పట్టిక అంత వివరంగా ఉంటుందని నాకు తెలియదు.

ఒక్కచోట ఆగిపోయాను మేడమ్. విజయనగరంలో ఈఈఈ, ఇంటికి దగ్గర్లో ఒక కాలేజీలో ఈసీఈ. ఈ రెండు చీటీలు నాలుగుసార్లు అటూ ఇటూ మార్చాను. విజయనగరం అయితే జేఎన్‌టీయూ అన్న పేరు ఉంటుంది, రోజూ రైలు. దగ్గరది అయితే నాకు కావాల్సిన బ్రాంచి, నాలుగున్నరకి ఇంట్లో ఉంటాను, కానీ అక్కడ చదివినవాళ్లు ఎవరూ తెలియదు.

చీపురుపల్లి ఫిజిక్స్ మేడమ్:

తెలియని కాలేజీ అంటున్నావు కాబట్టి ముందు వెళ్లి చూడు. రాజాం అబ్బాయి చెప్పిన ప్రశ్నలు అడుగు. ఆ ఈసీఈ లాబ్ బాగుంటే, చెప్పే మనుషులు ఉంటే, అది పైన పెట్టు. బాగోకపోతే ఈఈఈ పైన పెట్టు. ఈఈఈలో కూడా మొదటి రెండేళ్లు ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు ఉంటాయి, నీ ట్రాన్సిస్టర్ అక్కడా కనిపిస్తుంది.

విజయనగరం వస్తే రైలు ఒక్కటే దారి అనుకోకు. బీసీ సంక్షేమ శాఖ వాళ్ల కాలేజీ అమ్మాయిల వసతి గృహాలు ఉన్నాయి. అందులో చోటు దొరికితే ప్రైవేటు హాస్టల్ ఖర్చు ఉండదు. సీటు వచ్చిన వెంటనే దరఖాస్తు చెయ్యాలి, ఆలస్యం చేస్తే నిండిపోతాయి. మీ అమ్మగారిని ఒకసారి తీసుకెళ్లి చూపించు. చూశాక ఒప్పుకున్న తల్లులు నాకు చాలామంది తెలుసు.

పొందూరు అమ్మాయి:

ఈ రోజు నాన్న ఆటో ఆపుకుని నాతో వచ్చాడు. లాబ్ చూశాం. ఒక్కో టేబుల్ దగ్గర ముగ్గురు. సార్ ఒకాయన మాకు ఒక బోర్డు ఆన్ చేసి చూపించారు, నాన్న అరగంట ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. ఆ ఈసీఈ 12వ వరస, విజయనగరం ఈఈఈ 13వ వరస.

సాయంత్రం 31 వరసలూ నేనే టైప్ చేసి సేవ్ చేశాను. ప్రింట్ తీసి అమ్మకి ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ఆఖరి రోజు మళ్లీ తెరిచి చూస్తాను. అలాట్‌మెంట్ వచ్చాక ఏది వచ్చిందో ఇక్కడే చెప్తాను.